సర్వర్ ఫైలులో రాసిన హెడర్ బ్రౌజరు దాకా చేరుతోందా?

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం వెబ్‌సైటును ఇంజిన్ఎక్స్ సర్వర్ మీద నేనే చూసుకుంటున్నాను. సర్వర్ తన జవాబుతోపాటు బ్రౌజరుకు పంపే సూచనల (హెడర్ల) కోసం సర్వర్ బ్లాకులో యాడ్_హెడర్‌తో నాలుగు పంక్తులు రాశాను: స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ, ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్, ఎక్స్-కంటెంట్-టైప్-ఆప్షన్స్, ఎక్స్-ఎక్స్ఎస్ఎస్-ప్రొటెక్షన్. నాలుగూ బాగానే వచ్చాయి. పోయిన నెల పీడీఎఫ్‌ల ఫోల్డరుకు విడిగా లొకేషన్ బ్లాకు పెట్టి, అందులో ఫైలును బ్రౌజరు ఎంతకాలం దాచుకోవచ్చో చెప్పే క్యాష్-కంట్రోల్ హెడర్ ఒక్కటి చేర్చాను. అప్పటి నుంచి పీడీఎఫ్‌లకు అదొక్కటే వస్తోంది, పాత నాలుగూ మాయమయ్యాయి. లేని పేజీ అడిగినప్పుడు వచ్చే 404 జవాబుకైతే ఒక్క హెడరూ ఉండడం లేదు. కాన్ఫిగరేషన్‌ను పరీక్షిస్తే తప్పేమీ లేదనే చెబుతోంది. కారణమేమిటి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందుగా ఒక మాట. ఈ శీర్షికలో ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాము కానీ, ఫైలులో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

మీ సర్వర్‌లో లోపమేమీ లేదు. మీరు ఇంజిన్ఎక్స్‌లోని రెండు నియమాలను ఒకేసారి ఎదుర్కొన్నారు. మొదటిది వారసత్వానికి సంబంధించినది. లోపలి బ్లాకులో యాడ్_హెడర్ ఒక్కటీ లేకపోతేనే పై బ్లాకులోని హెడర్లు దానికి సంక్రమిస్తాయి. లోపల ఒక్కటి రాసినా, పైవాటితో కలపకుండా, పై జాబితా మొత్తాన్ని పక్కన పెట్టేస్తుంది. మీరు క్యాష్-కంట్రోల్ చేర్చిన క్షణంలోనే పీడీఎఫ్‌ల వరకు ఆ నాలుగు పంక్తులూ లేనట్టే అయ్యాయి. అపాచీ అనే మరో సర్వర్ అలవాటు మీద వచ్చినవారు ఇక్కడే పొరబడుతుంటారు, ఎందుకంటే అపాచీలో బయటి విభాగంలోని హెడర్ ఆదేశాలూ లోపలివీ వరుసగా అమలవుతాయి. పరీక్ష ఆదేశం వాక్యనిర్మాణాన్నీ, ఫైళ్లు దొరుకుతున్నాయా లేదా అన్నదాన్నీ చూస్తుందే తప్ప మీ ఉద్దేశాన్ని చూడదు. అందువల్ల దాని దృష్టిలో మీ ఫైలు సరైనదే.

సాధారణంగా చెప్పే పరిష్కారం, భద్రతా హెడర్లన్నిటినీ ఒక చిన్న ఫైలులో రాసి, యాడ్_హెడర్ వాడిన ప్రతి లొకేషన్ బ్లాకులోనూ దానిని ఇన్‌క్లూడ్ చేయడం. అది పనిచేస్తుంది కానీ, రేపు కొత్త బ్లాకు రాసేటప్పుడు మరచిపోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. మీ అవసరానికి అంతకంటె తేలికైన దారి ఉంది. క్యాష్-కంట్రోల్ పంక్తిని తీసివేసి, దాని స్థానంలో ఎక్స్‌పైర్స్ 30డి అని రాయండి. ఇది వేరే ఆదేశం గనుక యాడ్_హెడర్ వారసత్వాన్ని తెంచదు. 30 రోజులకు సరిపడే 2592000 సెకన్ల మాక్స్-ఏజ్‌తో క్యాష్-కంట్రోల్ హెడర్‌ను తానే తయారుచేస్తుంది. పై నాలుగూ తిరిగి వచ్చేస్తాయి.

ఇక 404 సంగతి. యాడ్_హెడర్ చివర ఏమీ రాయకపోతే, ఆ హెడర్ 200, 201, 204, 206, 301, 302, 303, 304, 307, 308 అనే సంకేతాలున్న జవాబులకు మాత్రమే చేరుతుంది. 404, 500 ఆ జాబితాలో లేవు. పంక్తి చివర, సెమీకోలనుకు ముందు ఆల్వేస్ అనే మాట చేర్చితే ప్రతి జవాబుకూ వెళుతుంది, 1.7.5 వెర్షను నుంచి ఈ సౌకర్యం ఉంది. అయితే భద్రతకు సంబంధించిన హెడర్లకే ఆల్వేస్ పెట్టండి. క్యాష్-కంట్రోల్‌ను యాడ్_హెడర్‌తో రాసి దానికి కూడా ఆల్వేస్ తగిలిస్తే, ఈ రోజు దొరకని పీడీఎఫ్ తాలూకు 404 జవాబును బ్రౌజరు నెల రోజులు దాచుకునే వీలుంటుంది; రేపు మీరు ఆ ఫైలును ఎక్కించినా పాఠకుడికి మాత్రం లేదనే కనిపించవచ్చు.

మీరు అడగకపోయినా ఆ నాలుగు హెడర్ల గురించి కూడా చెప్పవలసి ఉంది. ఎక్స్-ఎక్స్ఎస్ఎస్-ప్రొటెక్షన్‌ను తీసివేయండి. పేజీలోకి దొంగతనంగా చొప్పించిన స్క్రిప్టులను ఆపేందుకు అది పనిచేయించే వడపోతను క్రోమ్ 2019లో వచ్చిన 78వ వెర్షనులో తొలగించింది. ఫైర్‌ఫాక్స్ దానిని ఎన్నడూ చేర్చుకోలేదు. స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ మాత్రం వెనక్కు తీసుకోవడం కష్టమైన హెడర్. ఈ సైటుకు ఇన్ని సెకన్ల పాటు హెచ్‌టీటీపీఎస్ ద్వారానే వెళ్లాలని అది బ్రౌజరుకు చెబుతుంది, బ్రౌజరు ఆ మాటను గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరువాత మీరు ఫైలులో పంక్తిని చెరిపివేసినా అది మరచిపోదు. మరపించాలంటే హెచ్‌టీటీపీఎస్ మీదే మాక్స్-ఏజ్ 0 అని మళ్లీ పంపాలి, ఆ మనిషి మళ్లీ సైటుకు రావాలి. కొన్నేళ్ల కిందట నేను ఒక సంస్థ సైటుకు ఏడాది గడువుతో, ఉపడొమైన్లన్నిటికీ వర్తించేలా దీనిని పెట్టాను. సర్టిఫికెట్ లేని వారి పాత హాజరు పట్టీ పేజీ అదే డొమైను కింద ఉందన్న సంగతి, మర్నాడు పొద్దున్న పది గంటలకు వరుసగా ఫోన్లు వచ్చేదాకా నాకు తెలియదు. కాబట్టి ముందు 300 సెకన్లతో మొదలుపెట్టండి. మీ డొమైను కింద ఏమేమి నడుస్తున్నాయో లెక్క చూసుకున్న తరువాతనే 31536000కు, అంటే ఏడాదికి, పెంచండి.

మార్పు చేసి రీలోడ్ చేశాక హోం పేజీని ఒక్కదానినే చూసి ఊరుకోకండి. ఒక మామూలు పేజీ, ఒక పీడీఎఫ్, కావాలని తప్పుగా రాసిన ఒక చిరునామా, హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించే చిరునామా: ఈ నాలుగింటినీ కమాండ్ లైన్ సాధనమైన కర్ల్‌తో అడిగి హెడర్లు చదవండి. చివరిదానిలో స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ లేకపోయినా కంగారు పడనవసరం లేదు. మామూలు హెచ్‌టీటీపీ మీద వచ్చిన ఆ హెడర్‌ను బ్రౌజర్లు ఎలాగూ పట్టించుకోవు.

ప్రశ్న: మా కథల పీడీఎఫ్ డౌన్‌లోడ్ అయినప్పుడు ఫైలు పేరు తెలుగులో కనిపించాలని కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో నేరుగా తెలుగులోనే రాశాను. కొందరికి అర్థంకాని గుర్తులు వస్తున్నాయి. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ గుర్తులను ఒకసారి దగ్గరగా చూడండి. తలమీద వాలుగీత ఉన్న చిన్న ‘ఏ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే వస్తుంటే, అది మీ తెలుగే. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి, మొదటి రెండు బైట్లలో పెద్దగా తేడా ఉండదు. వాటిని పాత పాశ్చాత్య అక్షరక్రమంగా చదివితే ఈ రూపం వస్తుంది. హెడర్ విలువలో ఆస్కీ అక్షరాలే (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) నమ్మదగినవి. తక్కినవాటిని ఒక్కొక్క బ్రౌజరు ఒక్కొక్క విధంగా చదువుకోవచ్చు.

ఇందుకు ఏర్పాటైన పద్ధతి, ఫైల్‌నేమ్ అనే పరామితిని రెండుసార్లు ఇవ్వడం. మొదటిదానిలో ఇంగ్లీషు అక్షరాలతో మామూలు పేరు రాయాలి. రెండవదానిలో ఫైల్‌నేమ్ తరువాత నక్షత్రం గుర్తు, సమానం గుర్తు, యూటీఎఫ్-8 అన్న మాట, వెంటనే రెండు సింగిల్ కోట్స్, ఆ పైన శాతం గుర్తులతో మార్చిన తెలుగు పేరు రాయాలి. ‘కథలు’ అన్న మాటనే తీసుకోండి: క, థ, ల, ఉకారం కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు, బైటుకు శాతం గుర్తు, రెండు అంకెలు లేదా అక్షరాలు చొప్పున మొత్తం 36 అక్షరాలు అవుతుంది. చూడడానికి అందంగా ఉండదు కానీ, డౌన్‌లోడ్ ఫోల్డరులో చక్కగా ‘కథలు’ అనే కనిపిస్తుంది. ఇంజిన్ఎక్స్‌లో రాసేటప్పుడు విలువలో సెమీకోలన్లు ఉంటాయి గనుక దానిని మొత్తంగా డబుల్ కోట్స్ మధ్య పెట్టండి. బయట సింగిల్ కోట్స్ పెడితే, యూటీఎఫ్-8 తరువాత వచ్చే రెండు కోట్స్ దగ్గర విలువ మధ్యలోనే తెగిపోతుంది.

ప్రశ్న: జవాబులో సర్వర్ పేరు, వెర్షను కనిపించకుండా ఎలా దాచాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇంజిన్ఎక్స్‌లో సర్వర్_టోకెన్స్ ఆఫ్ అని రాస్తే వెర్షను అంకె పోతుంది, పేరు మాత్రం ఉంటుంది, ఉచిత వెర్షనులో పేరును కూడా తీసివేయాలంటే అదనపు మాడ్యూలు కావాలి. అపాచీలో సర్వర్‌టోకెన్స్ ప్రాడ్ కూడా ఇంతవరకే చేస్తుంది. పీహెచ్‌పీ తనంతట తాను చేర్చే ఎక్స్-పవర్డ్-బై హెడర్‌ను పీహెచ్‌పీ ఐఎన్ఐ ఫైలులో ఎక్స్‌పోజ్_పీహెచ్‌పీ ఆఫ్‌తో ఆపవచ్చు. నా దృష్టిలో పేరు దాచడానికి మాడ్యూలు వెతుక్కునే శ్రమ దండగ. దాడి చేసే ప్రోగ్రాములు చాలావరకు వెర్షను చూసి ఆగవు, తెలిసిన లోపాలన్నిటినీ ప్రయత్నించి పోతాయి; ఆ సమయంలో సర్వర్‌ను కొత్త వెర్షనుకు మార్చుకోండి.