సాఫ్ట్‌బాల్ ప్రాక్టీస్‌లో పిచర్ వేసే బాల్స్‌ని సొంత టీమ్ వాళ్ళే బాదేస్తుంటే ఏం అర్థం చేసుకోవాలి?

మీ ప్రశ్న చూశానండి. మీ పాప 14యూ ట్రావెల్ బాల్‌లో, అంటే 14 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు ఊళ్ళు తిరిగి ఆడే సాఫ్ట్‌బాల్ టీమ్‌లో, పిచింగ్ (బ్యాటర్‌కి బాల్ వెయ్యడం) చేస్తోంది, ఫాల్‌లో (సెప్టెంబర్-నవంబర్ నెలల్లో) దగ్గర్లో ఉన్న కాలేజీ టీమ్ రెండుగా విడిపోయి ఆడుకునే స్క్రిమ్మేజ్ ఉంటే చూపిద్దామని తీసుకెళ్ళారు, తీరా చూస్తే వాళ్ళ మెయిన్ పిచర్ సొంత టీమ్ అమ్మాయిలకే రెండు హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) ఇచ్చింది, కోచ్ కోప్పడకపోగా చప్పట్లు కొట్టింది, అది చూసి పాప డల్ అయిపోయింది, అసలు ఆ పిచర్ అంత మంచిదేం కాదా అని అడిగారు.

మంచిదో కాదో ఆ ఒక్క సాయంత్రం చూసి చెప్పలేం. కానీ ప్రాక్టీసే కదా అని వదిలెయ్యడం కూడా కరెక్ట్ కాదు, ఎందుకంటే పిచర్ గురించి తెలుసుకోడానికి స్క్రిమ్మేజ్ అంత మంచి చోటు ఇంకోటి లేదు, కాకపోతే చూడాల్సింది స్కోర్ బోర్డు కాదు. దెబ్బ తిన్నాక ఆ బ్యాటర్ దగ్గర పిచర్ ఏం తెలుసుకుంది, మళ్ళీ అదే బ్యాటర్ వచ్చినప్పుడు ఏం మార్చింది, అదీ చూడాల్సింది. వేరే టీమ్ బ్యాటర్ నిన్ను కొట్టి వెళ్ళిపోతుంది, ఎలా కొట్టిందో చచ్చినా చెప్పదు. సొంత టీమ్ అమ్మాయి చెప్తుంది.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను ఎంఎస్ చేసేటప్పుడు మా యూనివర్సిటీ సాఫ్ట్‌బాల్ టీమ్‌కి స్టూడెంట్ మేనేజర్‌గా పనిచేశా. బ్యాక్‌స్టాప్ (బ్యాటర్ వెనక ఉండే వల) వెనక కుర్చీ వేసుకుని రాడార్ గన్ పట్టుకోవడం, ఐప్యాడ్‌లో ప్రతి పిచ్ (పిచర్ వేసే ఒక్కో బాల్) ఏంటి, ఎక్కడ పడింది, ఎంత స్పీడు, ఏమైంది అని ఎక్కించడం, ప్రాక్టీస్ అయ్యాక బాల్స్ ఏరి బకెట్లలో వెయ్యడం, ఇదీ పని. గుంటూరులో క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి, అక్కడ కూర్చున్న మొదట్లో నాకు అర్థం కానిది ఒకటే, గంటకి 65 మైళ్ళు అంటే 105 కిలోమీటర్లు, మన దగ్గర మీడియం పేసర్ కూడా అంతకంటే స్పీడ్‌గా వేస్తాడు కదా, ఇంత పెద్ద బాల్‌ని ఇంత మంది మిస్ అవుతున్నారేంటి అని. దూరం చూసుకుంటే తెలుస్తుంది. క్రికెట్ పిచ్ 66 అడుగులు, ఇక్కడ బ్యాటర్ పక్కనుండే ప్లేట్‌కి పిచర్ నిలబడే రబ్బర్‌కి మధ్య 43 అడుగులే, అందులోనూ పిచర్ ముందుకి దూకి చెయ్యి తిప్పి వదిలేసరికి ఇంకో ఐదారు అడుగులు పోతాయి. బాల్ చెయ్యి వదిలాక బ్యాటర్‌కి ఉండేది 0.4 సెకన్లు, అంతే. 140 స్పీడ్‌తో వచ్చే క్రికెట్ బాల్‌కి ఉండే టైమ్ కంటే ఇది ఎక్కువేం కాదు.

అంత తక్కువ టైమ్‌లో బాల్ చూసి కొట్టడం చాలా కష్టం కాబట్టి, మంచి బ్యాటర్ బాల్ రాకముందే ఏదో ఒకటి చదువుతుంది. పిచర్ భుజం, మణికట్టు, గ్లవ్, ఊపిరి, ఏ కౌంట్‌లో, అంటే అప్పటికి ఎన్ని బాల్స్ (గురి తప్పినవి, నాలుగైతే బ్యాటర్‌కి ఊరికే బేస్), ఎన్ని స్ట్రైకులు (మూడైతే అవుట్) అన్న లెక్కలో, ఏం వేస్తుందన్న అలవాటు. ఇవన్నీ వేరే టీమ్ వాళ్ళు వీడియోలు చూసి కష్టపడి పట్టుకోవాలి, అదే సొంత టీమ్ అమ్మాయికైతే రోజూ కళ్ళ ముందే ఉంటాయి. ఒకే రూమ్‌లో ఉంటారు, ఒకే బస్సులో తిరుగుతారు, బుల్‌పెన్‌లో (పిచర్లు ప్రాక్టీస్ చేసే చోటు) ఏ పిచ్ మీద పని చేస్తోందో తెలుసు, రైజ్ బాల్ ఈ మధ్య లేవట్లేదని డిన్నర్ దగ్గర ఏడ్చింది కూడా తెలుసు. అలాంటి వాళ్ళ చేతిలో దెబ్బ తినకుండా ఉంటేనే ఆశ్చర్యం.

ఇంకోటి, మీరు బయట కూర్చుని చూస్తే తెలియని సంగతి. స్క్రిమ్మేజ్‌లో పిచర్ తనకిష్టం వచ్చినట్టు వెయ్యదు, చాలాసార్లు కోచ్ ముందే చెప్పి పంపిస్తుంది, ఇవాళ రైజ్ బాల్ వద్దు, డ్రాప్ (కిందకి దిగే బాల్), చేంజప్ (స్పీడ్ తగ్గించి మోసం చేసే బాల్) రెండే వెయ్యి అని, లేదా ఇవాళ కౌంట్ వెనకబడ్డా సరే చేంజప్ స్ట్రైక్ వెయ్యాల్సిందే అని. తన బెస్ట్ పిచ్ జేబులో పెట్టుకుని, రానిదాన్ని పట్టుకుని సర్కిల్‌లోకి (పిచర్ నిలబడే చోటు) వెళ్తుంది పాపం. మా దగ్గర ఒక పిచర్ ఫాల్ అంతా అలా దెబ్బలు తింటూనే ఉండేది, నా చార్ట్ చూస్తే ఈ అమ్మాయి అసలు మ్యాచ్‌లో పనికొస్తుందా అనిపించేది, ఫిబ్రవరిలో సీజన్ మొదలై అన్ని పిచ్‌లూ వెయ్యడం మొదలుపెట్టాక ఆ చేంజపే ఆమెకి పెద్ద ఆయుధం అయింది. అందుకే మీరు చూసిన కోచ్ చప్పట్లు హోమ్ రన్‌కి కాకపోవచ్చు, మూడు బాల్స్ రెండు స్ట్రైక్స్ మీద వెయ్యమన్న పిచ్‌ని భయపడకుండా వేసినందుకు అయి ఉండొచ్చు.

ఇన్‌సైడ్ పిచ్ సంగతి కూడా చెప్పాలి. రైట్ హ్యాండ్ బ్యాటర్ చేతుల మీదకి వచ్చే స్క్రూ బాల్ ఉంటుంది చూశారా, వేరే టీమ్‌తో ఆడేటప్పుడు మా పిచర్లు అది ధైర్యంగా వేసేవాళ్ళు, అదే ఎదురుగా సొంత రూమ్‌మేట్ నిలబడితే నా చార్ట్‌లో చుక్కలన్నీ బయట వైపుకి జరిగిపోయేవి. తగిలి మణికట్టు విరిగితే ఆ అమ్మాయి సీజన్ పోతుంది, అది తన వల్ల అని జీవితాంతం ఉంటుంది, ఎలా వేస్తుంది చెప్పండి. కానీ లోపల వెయ్యని పిచర్‌కి బ్యాటర్లు హాయిగా ప్లేట్ మీదకి వంగి బయట బాల్‌ని కొడతారు. మా పిచింగ్ కోచ్ దీనికి బ్యాటర్లకి ఎల్బో గార్డు, చేతి గార్డు పెట్టించి, వాళ్ళతోనే పిచర్‌కి చెప్పించేది, "నాకు లోపల వెయ్యి, తగిలినా ఏం అనుకోను" అని. ఆ మాట కోచ్ నోటి నుంచి వస్తే పని చెయ్యదు, బ్యాటర్ నోటి నుంచి రావాలి. అప్పటి నుంచే లోపల స్ట్రైకులు పడేవి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. కొత్తగా వచ్చిన ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) పిచర్, రైట్ హ్యాండర్, డ్రాప్ బాల్ 64 మైళ్ళ దాకా వేసేది, చేంజప్ 47, 48లో వచ్చేది, ఆ తేడాకి హైస్కూల్లో ఎవరూ నిలబడి ఉండరు. మా సీనియర్ ఫస్ట్ బేస్ అమ్మాయి, లెఫ్ట్ హ్యాండ్ బ్యాటర్, ఆమె చేంజప్ వచ్చిన ప్రతిసారీ తొందరపడకుండా ఆగి ఆగి, చివరికి రైట్ సెంటర్ ఫెన్స్ అవతల పడేసింది. బేసులన్నీ తిరిగి ప్లేట్ తొక్కింది, డగౌట్‌కి (టీమ్ కూర్చునే చోటు) పోలేదు, తిన్నగా సర్కిల్ దగ్గరికి నడిచింది. గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకోలేదు, గట్టిగానే చెప్పింది, "నువ్వు చేంజప్ పట్టుకునేటప్పుడు గ్లవ్ తెరుచుకుంటోంది, నాకు ఇక్కణ్ణించి నీ అరచెయ్యి కనపడుతోంది" అని. చేంజప్‌కి బాల్‌ని అరచేతిలోకి లోతుగా కూర్చోబెట్టుకోవాలి, ఆ సర్దుకోవడంలో గ్లవ్ వేళ్ళు విచ్చుకుంటాయి, ఎంతంటే ఒక అంగుళం. నేను ఆ రాత్రి వీడియో ఆపి ఆపి చూస్తే, నిజంగానే ప్రతి చేంజప్‌కీ ఉంది, వేరే దేనికీ లేదు. అన్ని పిచ్‌లు ఎక్కించిన నా చార్ట్‌లో అది ఎక్కడా లేదు, ఎందుకంటే నేను బాల్ ఎక్కడ పడిందో రాస్తున్నా, చేతిలో ఉన్నప్పుడు ఏమవుతోందో రాయట్లేదు.

ఆ పిల్ల ఏం చేసిందంటే, ఏ పిచ్ వెయ్యాలన్నా ముందు చేంజప్ గ్రిప్‌తోనే గ్లవ్‌లోకి వెళ్ళడం, ఆ తర్వాత లోపలే వేళ్ళు మార్చుకోవడం మొదలుపెట్టింది. గ్లవ్ ఇప్పుడు ప్రతి పిచ్‌కీ తెరుచుకుంటుంది, దేనికో తెలియదు. మొదట్లో కంట్రోల్ పోయింది, వాక్‌లు (నాలుగు బాల్స్ పడి ఊరికే వచ్చే బేస్) ఇచ్చింది, వదల్లేదు. నవంబర్ దగ్గర పడ్డాక మళ్ళీ అదే సీనియర్, రెండు స్ట్రైకులు, గ్లవ్ తెరుచుకుంది, సీనియర్ కాలు ఆగింది, చేంజప్ కోసం చూస్తోందని నాకు కూడా తెలిసిపోయింది, 64 డ్రాప్ వచ్చి మోకాళ్ళ దగ్గర దిగిపోయింది, బ్యాట్ కదిలేలోపు క్యాచర్ చేతిలో ఉంది. సీనియర్ బ్యాట్‌తో ప్లేట్ మీద రెండు సార్లు కొట్టి, పిచర్ వైపు వేలు చూపించి నవ్వింది. ఆమె కొట్టిన హోమ్ రన్ కంటే ఆ స్ట్రైకౌట్‌కే ఎక్కువ సంతోషపడిందని నా నమ్మకం.

సీజన్‌లో ఇది ఎందుకు ముఖ్యమంటే, కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) సిరీస్ అంటే ఒకే టీమ్‌తో మూడు మ్యాచ్‌లు, ఒకే పిచర్‌ని అదే తొమ్మిది మంది వారాంతంలో మళ్ళీ మళ్ళీ చూస్తారు. మీరు 2025 ఉమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్ (కాలేజీ సాఫ్ట్‌బాల్ జాతీయ టోర్నీ) మూడు మ్యాచ్‌ల ఫైనల్ చూశారో లేదో, టెక్సస్, టెక్సస్ టెక్ మధ్య. టెక్ పిచర్ నైజారీ క్యానడీ, స్టాన్‌ఫర్డ్ నుంచి మిలియన్ డాలర్లు దాటిన డీల్‌తో వచ్చిన అమ్మాయి, దేశంలో టాప్ పిచర్లలో ఒకరు. మొదటి మ్యాచ్ టెక్సస్ 2-1 గెలిచింది, రెండోది టెక్ 4-3, మూడో రోజు మూడో మ్యాచ్‌లో మళ్ళీ ఆమే వస్తే మొదటి ఇన్నింగ్స్‌లోనే 5 రన్స్ పడ్డాయి, తీసెయ్యాల్సి వచ్చింది, 10-4తో టెక్సస్ ఛాంపియన్ అయింది. అంతకుముందు మ్యాచ్‌ల అలసట కూడా ఉంది, కాదనను, కానీ వరసగా మూడో రోజు చూస్తున్న బ్యాటర్లకి ఆ పిచ్‌లు కొత్త కాదు. నిన్ను బాగా తెలిసినవాళ్ళకి వెయ్యడం ఎలా అన్నది ముందే నేర్చుకోవాలంటే చోటు ఒకటే, సొంత టీమ్. ఫాల్‌లో బయట టీమ్‌లతో ఆడటానికి ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ఇచ్చేది 8 తేదీలే, మిగతా రోజులన్నీ ఎదురుగా ఉండేది టీమ్‌మేట్సే మరి.

ఓక్లహోమా యూనివర్సిటీ వాళ్ళు ఫాల్‌లో బ్యాటిల్ సిరీస్ అని పేరు పెట్టి మరీ సొంత టీమ్‌ని విడగొట్టి ఆడిస్తారు, జనం కూడా వస్తారు. జోర్డీ బాల్ అనే పిచర్ ఫ్రెష్‌మన్‌గా అక్కడికి వెళ్ళినప్పుడు అదే టీమ్‌లో జోస్లిన్ ఆలో ఉంది, 122 హోమ్ రన్లతో కాలేజీ రికార్డు పెట్టిన బ్యాటర్. ఆ 2022 సీజన్‌లో ఏ వేరే టీమ్ దగ్గరా అంతటి బ్యాటర్ లేదు. ప్రాక్టీస్‌లో అలాంటి అమ్మాయి చేతిలో దెబ్బ తిన్న పిచర్‌ని బలహీనం అంటామా?

కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు పైన ఎక్కడో కాకుండా డగౌట్ పక్కన కూర్చోండి, స్క్రిమ్మేజ్‌లో మ్యూజిక్, గోల తక్కువ, మాటలు బాగా వినపడతాయి. పాపని అందరినీ చూడొద్దని, ఒకే పిచర్‌ని పట్టుకోమనండి. ఒక నోట్‌బుక్‌లో ఏ బ్యాటర్‌కి ఏం వేసింది, అదే బ్యాటర్ రెండోసారి వచ్చినప్పుడు ఏం వేసింది, ఇంతే రాయమనండి. హిట్ పడ్డాక పిచర్ ఎక్కడికి చూస్తోంది, క్యాచర్‌తో మాట్లాడుతోందా, ఇన్నింగ్స్ అయ్యాక బెంచ్ మీద ఎవరి పక్కన కూర్చుంటోంది, ఇవి కూడా చూడమనండి. నేను చూసినంతలో బాగా ఎదిగిన పిచర్లు తమని కొట్టిన అమ్మాయి పక్కనే వెళ్ళి కూర్చునేవాళ్ళు.

మీ పాప వయసుకి కూడా దూరం 43 అడుగులే కాబట్టి ఇదంతా వాళ్ళ టీమ్‌లోనే చేసుకోవచ్చు. కోచ్‌ని అడిగి వారానికి ఒకసారైనా టీమ్ బ్యాటర్లకి లైవ్‌గా వేయించండి, కౌంట్ 1-1 (ఒక బాల్, ఒక స్ట్రైక్) నుంచి మొదలుపెడితే తక్కువ పిచ్‌లతో ఎక్కువ మంది వస్తారు, చెయ్యి కూడా అలిసిపోదు. ఫేస్ మాస్క్ లేకుండా మాత్రం వెయ్యనివ్వకండి, తిరిగొచ్చే బాల్ పిచ్ కంటే స్పీడ్‌గా వస్తుంది, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ప్రతి బ్యాటర్ అయ్యాక పాప రెండు ప్రశ్నలు అడగాలి, ఏ పిచ్ వస్తోందో ముందే తెలిసిపోయిందా, తెలిస్తే ఎలా తెలిసింది అని. 14 ఏళ్ళ పిల్లలు మొదట "ఏమో, కొట్టేశా అంతే" అంటారు, పట్టు వదలకుండా అడుగుతూ ఉంటే చెప్పడం నేర్చుకుంటారు, కొన్నాళ్ళకి వాళ్ళే వచ్చి చెప్తారు. ఇంకో మాట, పాప మీకు వేస్తున్నప్పుడు మీరు బకెట్ మీద కూర్చుని క్యాచ్ పడతారని రాశారు కదా, అక్కణ్ణించి గ్లవ్ బాగా కనపడుతుంది, చేంజప్ అప్పుడు ఒకసారి గమనించండి, ఏమైనా కనిపిస్తే ఇక్కడే రాయండి, దాన్ని ఎలా సరిచేసుకోవాలో నాకు తెలిసినంత చెప్తా.