పాత షాపింగ్ కాంప్లెక్స్‌ను పడగొట్టే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి గుంటూరు నుండి మామయ్య ఆశీస్సులు.

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్కనున్న మన కాంప్లెక్స్‌ను పడగొట్టి కొత్త మాల్ కట్టడానికి బిల్డర్ ఇచ్చిన ముసాయిదాను చదివాను. గవర్నరుపేటలోనూ వన్‌టౌన్‌లోనూ ఇలాంటి భవనాల యజమానులకూ దుకాణదారులకూ మధ్య చాలా ఏళ్లు కూర్చొని మాట్లాడినవాడిని కనుక నాకు తోచినది దాపరికం లేకుండా రాస్తున్నాను. ముసాయిదాలో గాజు ముఖభాగం గురించి, ఎస్కలేటర్ల గురించి పుటలకొద్దీ ఉన్నది కానీ, పాత భవనం ఎందుకు ఖాళీ అయిందో ఒక్క వాక్యమైనా లేదు. ఆ కారణం తేలకుండా సంతకం చేయవద్దు.

ఎంజీ రోడ్డు మీద పీవీపీ మాల్, బెంజ్ సర్కిల్ వైపు ట్రెండ్‌సెట్ వచ్చినందువల్లనే మన వ్యాపారం పోయిందని అందరూ అంటారు. అందులో కొంత నిజం ఉన్నది. గాంధీనగరం థియేటర్లలో సినిమా చూసి, బీసెంట్ రోడ్డులో బట్టలు కొని ఇంటికి వెళ్ళే కుటుంబాలు ఇప్పుడు సినిమానూ బట్టలనూ ఒకే కప్పు కింద చూసుకుంటున్నాయి. అయితే బీసెంట్ రోడ్డులో జనం తగ్గలేదు. పండుగ ముందు సాయంత్రం అక్కడ నడవడానికే చోటుండదు, తోపుడుబండ్ల వద్ద బేరాలు ఆగవు. అంటే కొనేవారు మన గుమ్మం వరకు వస్తున్నారు, లోపలికి మాత్రం రావడం లేదు. ఒక ఆదివారం, ఒక మామూలు రోజు సాయంత్రం నీవే గేటు దగ్గర నిలబడి, ఎందరు లోపలికి వెళుతున్నారో, ఎందరు మెట్ల దగ్గరే వెనుదిరుగుతున్నారో, ఎందరు చేతిలో సంచితో బయటికి వస్తున్నారో లెక్క రాసుకో.

నా దృష్టిలో అసలు కారణం యాజమాన్యం ముక్కలు కావడం. కట్టుబడి ఖర్చు రాబట్టుకోవడానికి బావగారూ ఆయన భాగస్వాములూ పై అంతస్తుల దుకాణాలను విడివిడిగా అమ్మారు. ఆ రోజుల్లో ఊరంతా అలాగే చేసింది. ఆ తర్వాత లిఫ్టు ఆగితే బాగుచేయించే బాధ్యత ఎవరిదీ కాలేదు, మరుగుదొడ్లకు తాళం పడింది, మెయింటెనెన్స్ కట్టేవారు కట్టనివారిని చూసి మానేశారు, సెల్లార్ పార్కింగ్ గోడౌన్‌గా మారింది. చెన్నైలో 1983లో కాలిపోయిన పాత భవనం స్థానంలో లేచిన స్పెన్సర్ ప్లాజా ఒకప్పుడు ఎంత వెలిగినా, దుకాణాలు అనేకమంది యజమానుల చేతుల్లో ఉండడంతో కొత్త మాల్స్ వచ్చినప్పుడు అంతా కలిసి ఒక మార్పు చేసుకోవడం కష్టమైంది. కాబట్టి కొత్త భవనంలో కనీసం గ్రౌండ్ ఫ్లోరూ మొదటి అంతస్తూ అమ్మకుండా ఒకే సంస్థ పేరిట ఉంచి అద్దెలకే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. చేతికి వచ్చే సొమ్ము మొదట్లో తక్కువే ఉంటుంది; అయినా ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గవద్దు.

ఇక దుకాణదారుల సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. మన దగ్గర చాలామందివి తెల్లకాగితపు ఒప్పందాలే కనుక వాటిని నెలవారీ అద్దెగా చూపి పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చని లాయరుగారు చెబుతారు. ఆ మాట పట్టుకుని నోటీసులతో మొదలుపెడితే వారు కోర్టుకు వెళతారు, స్థలం ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, గుడ్‌విల్ ఇచ్చి చేరి, ముప్పై ఏళ్లుగా మనకు అద్దె కట్టిన మనుషులు వారు. ముందు ఒక్కొక్కరి దుకాణానికి వెళ్ళి కూర్చొని మాట్లాడు, అడ్వాన్సు ఎంత ఇచ్చారో రశీదులతో సహా రాసుకో, తిరిగి వచ్చే హక్కు, ఎన్ని చదరపు అడుగులు, ఏ అంతస్తు, ఏ అద్దె అన్నవి రాతపూర్వకంగా ఇవ్వు.

ఖాళీ చేయించే కాలం గురించి మరీ జాగ్రత్త పడాలి. బట్టల వ్యాపారి శ్రావణానికీ దసరాకూ సరుకు అరువు మీద తెస్తాడు, ఆ అరువు సంక్రాంతి అమ్మకాలతో గాని తీరదు. మాఘం నుంచి పెళ్ళిళ్ళ బేరాలు. ముహూర్తాలు లేని ఆషాఢమొక్కటే కొంత ఊపిరి పీల్చుకునే కాలం. ఆషాఢం సేల్‌లో పాత సరుకు వదిలించుకోనిచ్చి, శ్రావణ శుక్రవారాల లోపే నడక దూరంలో తాత్కాలిక దుకాణాలు చూపించు. అందుకయ్యే అద్దెను బిల్డర్ భరించాలని ఒప్పందంలోనే రాయించు. పాత కస్టమరు వెతుక్కుంటూ వచ్చేంత దగ్గరలో లేకపోతే ఆ దుకాణం చూపించీ ప్రయోజనం లేదు.

బిల్డర్‌తో మాట్లాడేటప్పుడు, 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం దుకాణాలకూ వర్తిస్తుందని గుర్తుంచుకో. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టి అమ్మే పక్షంలో నమోదు కాకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. పన్ను సంగతి ఆడిటరుగారితో ముందే తేల్చుకో. స్థలం బిల్డర్‌కు ఇచ్చి కట్టిన భవనంలో వాటా తీసుకునే రిజిస్టరైన డెవలప్‌మెంట్ ఒప్పందంలో మూలధన లాభంపై పన్నును భవనం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన సంవత్సరానికి వాయిదా వేసుకునే వెసులుబాటు వ్యక్తులకూ హిందూ అవిభక్త కుటుంబాలకూ ఉన్నది గాని భాగస్వామ్య సంస్థకు లేదు. మన స్థలం ఎవరి పేరిట ఉన్నదో పత్రాలు తీసి చూడు.

నమూనాలోని గాజు గోడ నాకు నచ్చలేదు. బెజవాడ ఎండలకు దాని వెనుక ఏసీ బిల్లు అద్దెను మింగేస్తుంది. దానికి బదులు రోడ్డు వైపు నీడనిచ్చే వరండా పెట్టి, దుకాణాల ముఖాలు వీధిలోకి తిప్పమని చెప్పు. పై అంతస్తులను బట్టల దుకాణాలతో నింపాలని చూడవద్దు. సూర్యారావుపేట ఆసుపత్రులు దగ్గరే కనుక డయాగ్నస్టిక్ సెంటర్లకూ ఆఫీసులకూ అవి సరిపోతాయి. వచ్చేవారిలో ఎక్కువమంది స్కూటర్ల మీద వస్తారు, ప్లానులో వాటికి చోటు చాలా తక్కువగా ఉన్నది. ముందున్న తోపుడుబండ్లవారిని తరిమించాలన్న ఆలోచనకు ఒప్పుకోవద్దు. వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ ఇస్తున్నది, పైగా ఆ జనాన్ని మన గుమ్మం దాకా తెస్తున్నది వారే.

గ్రౌండ్ ఫ్లోరూ మొదటి అంతస్తూ అమ్మకూడదన్న షరతూ, తాత్కాలిక దుకాణాల అద్దె షరతూ చేర్చి ముసాయిదాను తిరిగి రాయించి పంపు. అది చదివాక నేనే విజయవాడ వచ్చి దుకాణదారుల సమావేశంలో నీ పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
నీ మామయ్య