సమయోజనీయ బంధం అంటే ఏమిటి? అర్థం ఆ పేరులోనే ఉంది

సమయోజనీయ బంధం అంటే అర్థం ఏమిటని అడిగారు. నిర్వచనం ఏ గైడులోనైనా దొరుకుతుంది. నాకు ఎలా తలకెక్కిందో చెప్తాను.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంటర్‌లో ఎంపీసీ, ఇంగ్లిష్ మీడియం. కెమిస్ట్రీ లెక్చరర్ గారు వచ్చీ రాగానే ‘కోవలెంట్ బాండ్’ అన్నారు. నోట్‌బుక్ చివరి పేజీలో ఆ మాట తెలుగు అక్షరాల్లో రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. అంతమందిలో లేచి అడగాలంటే టెన్షన్. రెండు వారాలు అలాగే గడిచాయి.

ఒకరోజు ఆయన బోర్డు మీద రెండు వృత్తాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా గీశారు. ఒక హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌కి చుక్క, రెండోదానికి ఇంటూ గుర్తు. రెండూ మధ్య భాగంలోనే. నాకు ఒళ్లు జలదరించింది. అది మా ఊరి బడిలో మాస్టారు వేసిన బొమ్మే! తెలిసిన పాఠానికే రెండు వారాలు భయపడ్డానన్నమాట. మొదటి రోజే బోర్డు మూలన ‘సమయోజనీయ బంధం’ అని ఆ తెలుగు పేరు ఒక్కసారి రాసి ఉంటే సరిపోయేది కదా అని ఏడుపొచ్చింది.

నన్నడిగితే తెలుగు పేరే మేలు. సమ అంటే సమానంగా, యోజనం అంటే కలపడం. ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కి ఇచ్చేస్తుంది. సమయోజనీయ బంధంలో ఇచ్చేయడం ఉండదు, రెండు పరమాణువులూ తలా ఒక ఎలక్ట్రాన్ వేసి ఆ జంటను ఉమ్మడిగా వాడుకుంటాయి. ఈ ఎలక్ట్రాన్ జంట ఆలోచనను రసాయన శాస్త్రవేత్త లూయిస్ 1916లో చెప్పాడు. 1919లో లాంగ్‌మ్యూర్ అనే మరో రసాయన శాస్త్రవేత్త కోవలెన్స్ అనే మాట తెచ్చాడు.

ఒక్క జాగ్రత్త. ‘సమ’ అనగానే ఎప్పుడూ సరిసమానం అనుకోకండి. హైడ్రోజన్ అణువులో సమానమే గానీ, హైడ్రోజన్ క్లోరైడ్‌లో క్లోరిన్ ఆ జంటను తన వైపు లాక్కుంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బిట్ బ్యాంకులు బట్టీ పట్టించే కాలేజీల్లో మాట విడదీసి చెప్పే తీరిక ఎవరికి ఉంది? మీడియం మారిన పిల్లలకు మొదటి నెలంతా రెండు పేర్లూ పక్కపక్కన రాయించాలి.

ఆ సాయంత్రం చివరి పేజీ తీసి, ప్రశ్నార్థకం కొట్టేసి, ‘సమయోజనీయం’ అని రాసుకున్నాను.