గేముల్లో మగాడు మగాణ్ని పెళ్లి చేసుకునే ఆప్షన్ ఎవరికి కావాలి? నాకు కావాల్సి వచ్చింది

"గేముల్లో గే రొమాన్స్ ఆప్షన్లు ఎందుకు పెడుతున్నారు, ఆడేవాళ్లలో ఎంతమందికి కావాలి, ఇదంతా బలవంతంగా రుద్దడం కాదా" అని ఒకరు అడిగారు. ఎంతమందికో నా దగ్గర లెక్క లేదు. నాకు కావాల్సి వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శనక్కాయ చేను, ఎండిపోయిన బోరు, రెండు ఎద్దులు. 2018 జూన్‌లో బీటెక్ అయిపోయి, ఉద్యోగం రాక ఇంట్లో ఉన్నాను. అనంతపురంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లో పెద్ద గేములేవీ నడిచేవి కావు. స్టార్‌డ్యూ వ్యాలీ నడిచేది. తాత వదిలిపోయిన పొలంలో సేద్యం చేసుకునే గేమ్ అది. 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషే బొమ్మలు, సంగీతం, కోడు అన్నీ నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు. ఆ ఊళ్లో పెళ్లి చేసుకోదగ్గ వాళ్లు పన్నెండు మంది, ఆరుగురు ఆడ, ఆరుగురు మగ. మన పాత్ర ఆడైనా మగైనా వాళ్లలో ఎవరినైనా ఇష్టపడొచ్చు.

నేను డాక్టర్ హార్వీని ఇష్టపడ్డాను. కాఫీ అన్నా ఊరగాయ అన్నా ప్రాణం అతనికి. వారానికి రెండు కానుకలే ఇవ్వనిస్తుంది గేమ్. జాడీలో ఊరగాయ పెట్టి, అయ్యాక తీసుకుపోయి ఇచ్చేవాణ్ని. స్నేహాన్ని కొలిచే హృదయాలు ఎనిమిది నిండాక గేము డబ్బు రెండు వందలు పెట్టి పూలగుత్తి కొనివ్వాలి. పది నిండాక హారం ఇస్తే పెళ్లి. ఆ హారం అమ్మే ముసలాయన వాన పడిన రోజే సముద్రం ఒడ్డుకు వస్తాడు. ఖరీదు ఐదు వేలు. మూడు వందల కట్టెలు పెట్టి విరిగిన వంతెన బాగు చేసుకుంటే తప్ప ఆయన దగ్గరికి పోలేం. అవన్నీ సిద్ధం చేసుకుని వాన కోసం కూర్చున్నాను. బయట మా నాయన కూడా వాన కోసమే కూర్చున్నాడు. ముంగారు మొదలైనా పదును వాన పడలేదు, విత్తనం కాయలు మూటలోనే ఉన్నాయి.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. టీవీ ఆగిపోతే నాయన లోపలికి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. తెర మీద పచ్చగా కనబడేసరికి ముందుకు వంగాడు.

"ఏం పైరప్పా అది?"

"పార్స్‌నిప్ అంటారు నాయనా, ముల్లంగి లాంటిది."

"ఎన్ని దినాలకొస్తాది?"

"నాలుగు దినాలకే. రోజూ నీళ్లు పొయ్యాల, వానొస్తే అక్కర్లేదు."

గేములో టీవీ ఉంటుంది, అందులో రేపటి వాతావరణం చెబుతారు. ఆ రోజు రేపు వాన అని చెప్పింది. "చెప్తే పడ్తాదా?" అన్నాడు. "తప్పకుండా పడ్తాది" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

వాన పడింది. ఇంకెవరైనా పక్కనుంటే ల్యాప్‌టాప్ మూసేసేవాణ్ని. కానీ ఇన్నాళ్లు ఎదురుచూసిన వాన అది, పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో. ఒడ్డుకు పోయి హారం కొన్నాను, హార్వీకి ఇచ్చాను. మూడు రోజులకు పెళ్లి. గేములో మూడు రోజులంటే త్వరగా పడుకుంటే నిమిషాల్లో అయిపోతుంది. నాయన లేవలేదు, నేనూ ఆపలేదు.

ఊరి నడిబొడ్డున పెళ్లి. మేమిద్దరం, ముందర ఊరి పెద్ద, చుట్టూ జనం. నాయనకు ఇంగ్లీషు రాదు.

"పెండ్లా?"

"ఊ."

"ఇద్దరూ మొగోళ్లే గదా."

నా గొంతు ఎండిపోయింది. "అవును నాయనా."

"ఏమంటాండాడు ఆ పెద్దమనిషి?"

చదివి తెలుగులో చెప్పాను. ఈ పిల్లోడు ఈ ఊరికొచ్చినప్పుడు మనతో కలుస్తాడో లేదో ఎవరికీ తెలీలేదు, ఈ రోజు నుంచి మనలో ఒకడు అంటాండాడు, అని. చెప్తుంటే నా గొంతు వణికింది. నాయన తెర వైపే చూస్తూ "ఊరంతా వచ్చినారే" అన్నాడు. తర్వాత లేచి ఎద్దులకు మేత వేయడానికి పోయాడు.

ఆ గేమ్ టర్కీ భాషలో ఉంది, హంగేరియన్‌లో ఉంది, తెలుగులో లేదు. ఇన్ని కోట్ల మందిమి ఉండి మన భాషలో ఆడుకునే గేములు వేళ్ల మీద లెక్కపెట్టుకునే పరిస్థితి. తెలుగులో ఉంటే మా నాయన ఆ మాటలు తనే చదువుకునేవాడు.

రుద్దడం సంగతికొస్తే, 1998లో వచ్చిన ఫాలౌట్ 2లోనే మగాడు మగాణ్ని పెళ్లి చేసుకోవచ్చు. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో మారా లాకెట్ మెడలో వేసుకుంటే, పెళ్లికి ఆడా మగా తేడా లేదు. వీటిని ఏళ్ల తరబడి ఆడి, ఆ ఆప్షన్ ఉందనే తెలియనివాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. ఎవరికీ అడ్డం రాని దాన్ని రుద్దడం అని ఎలా అంటాం? ఒక్క డ్రాగన్ ఏజ్ 2 విషయంలో ఫిర్యాదుకు కొంత న్యాయముంది. ఆండర్స్ అనే మగ పాత్ర తనే ముందుకొచ్చి ఇష్టం తెలుపుతాడు, కాదంటే మన మీద అతనికి అయిష్టం పెరుగుతుంది. కానీ గేముల్లో ఆడపాత్రలు వెంటపడితే ఇబ్బందిగా ఉందని చెప్పిన మగాణ్ని నేనింతవరకు చూడలేదు.

మనకైతే రుద్దడం మాట అటుంచి, దొరకనే లేదు. 2014 నవంబరులో డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్‌ను ఈఏ అనే గేముల కంపెనీ ఇండియాలో అమ్మకుండా వెనక్కి తీసుకుంది. స్థానిక చట్టాలను మీరకూడదని కారణం చెప్పింది. అంతకు ముందు, 2013 డిసెంబరులోనే, మగాడు మగాడితో ఉంటే నేరమనే సెక్షన్ 377ను సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. ఆ గేములో డోరియన్ అనే మాంత్రికుడు మగవాళ్లనే ఇష్టపడతాడు. అతన్ని మార్చాలని కన్నతండ్రే రక్తంతో మంత్రం వేయాలని చూస్తాడు. ఆ తండ్రీకొడుకులు ఎదురుపడే ఘట్టం యూట్యూబ్‌లో చూసి రాత్రంతా నిద్రపోలేదు. నన్నడిగితే ఎవరినైనా ప్రేమించగలిగే హార్వీలూ కావాలి, డోరియన్ లాగా సొంత కథ ఉన్నవాళ్లూ కావాలి. మన సినిమాల్లో ఇలాంటి మగాడు కనిపిస్తే చేతులు తిప్పించి నవ్వించడానికే. అలాంటివాణ్ని వెక్కిరించే మాటతోనే అనంతపురంలో నేను పోయిన గేమింగ్ షాపులో ఓడిపోయినవాణ్ని కూడా పిలిచేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ మాట వింటూ పెరిగాను. ఆ మాట లేకుండా నాలాంటి మనిషి నాకు కనిపించింది గేముల్లోనే.

2018 సెప్టెంబరు 6న, అది నేరం కాదని 377 మీద తీర్పు వచ్చింది. ఇంట్లో దాని గురించి ఎవరం మాట్లాడుకోలేదు. దసరాకు మా మేనమామ వచ్చి గుంతకల్లు సంబంధం ఒకటి చెప్పాడు, పిల్ల నర్సింగ్ చదివింది, కట్నం కూడా బాగా ఇస్తారన్నాడు. నేను తలొంచుకుని కూర్చున్నాను. నాయన ఉగ్గాని తింటూ, తలెత్తకుండానే, "వానికి వద్దులే బావా, ఆ మాట ఇంగ ఎత్తద్దు" అన్నాడు. అమ్మ ఎందుకని అడిగింది. నాయన జవాబు చెప్పకుండా ఇంకో బజ్జీ నా ప్లేట్లో వేశాడు.