1953 మీద పరిశోధనకు పూనుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ గ్రంథం 'ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్' వెలువడిన 1953వ సంవత్సరం మీదే పరిశోధన చేస్తానని పట్టుబట్టావని మీ నాన్న చెప్పగానే నా గుండె ఉప్పొంగింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చదివిన ప్రతి పుస్తకానికీ పుటసంఖ్యతో సహా సూచిక రాసుకో. జర్మన్ నేర్చుకో, ఆ గ్రంథంలో మూలమూ అనువాదమూ ఎదురెదురు పుటల్లోనే ఉన్నాయి.

నా భయమంతా ఆ సంవత్సరం గురించే. పుస్తకం అచ్చయిన ఏడే ఆలోచన పుట్టిన ఏడనుకుని నాతోపాటు పరిశోధన చేసిన స్నేహితురాలు ఎంత నష్టపోయిందో కళ్ళారా చూశాను. బ్రిటిష్ తత్త్వవేత్త గిల్బర్ట్ రైల్ పుస్తకం 'ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్' వచ్చింది 1949లో కాబట్టి, రైల్ వేసిన దారినే విట్‌గెన్‌స్టైన్ ముందుకు తీసుకుపోయారని ఆమె ఒక అధ్యాయమంతా అల్లింది. మౌఖిక పరీక్షలో పరీక్షకులు కోప్పడలేదు, 'ఇన్వెస్టిగేషన్స్' ముందుమాట చివర ఉన్న తేదీని పైకి చదవమన్నారంతే. అక్కడ 1945 జనవరి అని ఉంది. మొదటి భాగం చాలావరకు 1946 నాటికే రూపుదిద్దుకుంది. 1951 ఏప్రిల్ 29న కేంబ్రిడ్జిలో కన్నుమూసిన విట్‌గెన్‌స్టైన్ దాన్ని అచ్చులో చూసుకోనేలేదు. ప్రచురణకు సిద్ధం చేసినవారు ఆయన శిష్యులు ఆన్స్‌కూమ్, రష్ రీస్. రెండో భాగంగా వారు చేర్చినదానికి 2009 నాటి ముద్రణలో వేరే పేరే పెట్టారు. అంతకు ఎంతో ముందే, 1933-34లో ఆయన శిష్యులకు చెప్పి రాయించిన 'బ్లూ బుక్' ప్రతులు చేతులు మారుతూ తిరిగాయి. ఇవేవీ చూసుకోని ఆ పిల్ల, నాకంటే ఎంతో చురుకైనది, ఆ అధ్యాయాన్ని తిరిగి రాయమంటే కుంగిపోయి తత్త్వశాస్త్రాన్నే వదిలేసింది. ఆమెకు ముందుగా చెప్పేవారు లేరు, నీకు నేనున్నాను.

అమెరికన్ తత్త్వవేత్త క్వైన్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: 1953 నాటి ఆయన వ్యాస సంపుటిలో ఉన్న 'టూ డాగ్మాస్ ఆఫ్ ఎంపిరిసిజం' వ్యాసం 1951లోనే పత్రికలో వచ్చింది. మన రాధాకృష్ణన్ 'ది ప్రిన్సిపల్ ఉపనిషద్స్' కూడా 1953లోనే వెలువడింది కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టేయకు. నీ తొందర నాకు తెలుసు, తల్లీ. చిన్నప్పుడు లెక్క సగం చదివే జవాబు రాసేదానివి.

ఒక్క వాక్యమైనా రాయకముందు ప్రతి రచనకూ రాసిన కాలం, చెప్పిన కాలం, అచ్చయిన కాలం వేరువేరుగా చూపే పట్టిక తయారుచేసి నాకు పంపు. కళ్ళు సహకరించినంత వరకు నేనే ప్రతి తేదీనీ సరిచూసి పంపుతాను.

ఆశీస్సులతో,
అత్తయ్య