42లోంచి 17 తీసేస్తే 35 అని రాస్తున్న పాప గురించి

అక్కా, అనంతపురంలో రెండో తరగతి చదివే మీ పాప 42లోంచి 17 తీసేసి 35 అని రాస్తోందనీ, ఎన్నిసార్లు తిట్టినా మారట్లేదనీ రాశారు. దయచేసి తిట్టకండి. 2లోంచి 7 పోదు కాబట్టి తిప్పి 7లోంచి 2 తీసేస్తోంది. ఈ వయసులో చాలామంది పిల్లలు ఇలాగే చేస్తారు.

కొన్నాళ్లు నోట్సు పక్కన పెట్టండి. మన వైపు చెనక్కాయలకు కొదవ లేదు కదా, పదేసి చొప్పున నాలుగు కవర్లలో కట్టి, విడిగా రెండు కాయలు పెట్టండి. "పదిహేడు ఇవ్వమ్మా" అని, ముందు ఏడు అడగండి. విడిగా ఉన్నవి రెండే. పాప తికమక పడుతుంది, అయినా మీరు చెప్పేయకండి. తనే ఒక కవరు విప్పితే పన్నెండవుతాయి. ఏడు ఇస్తే అయిదు మిగులుతాయి. మిగిలిన మూడు కవర్లలో ఒకటి ఇస్తే రెండు. మొత్తం 25. బడిలో 'అప్పు తెచ్చుకోవడం' అనేది ఈ కవరు విప్పడమే. 4 కొట్టేసి 3 ఎందుకు రాస్తారో అప్పుడు తెలుస్తుంది. తర్వాత 50లోంచి 23 చేయించండి, సున్నా దగ్గరే పిల్లలు ఎక్కువ తడబడతారు.

వెనకబడిందని టెన్షన్ పడకండి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా వచ్చేలా 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లోనూ రెండో తరగతికి 99 లోపు తీసివేతలే. ఇప్పుడే ట్యూషన్ అక్కర్లేదు.

ఒకవేళ కవర్లతోనూ రాకపోతే, 48లో 4 విలువ ఎంతని అడగండి. "నాలుగే" అంటే తీసివేతలు ఆపి, ముందు పదులు, ఒకట్లు నేర్పించాలి.