స్కాట్లాండ్ అకీకు బ్రోచ్ విక్టోరియా కాలందేనా? హాల్‌మార్క్ లేకపోతే నకిలీయేనా?

హాల్‌మార్క్ లేనంత మాత్రాన నకిలీ కాదు. విక్టోరియా రాణి కాలపు (1837–1901) వెండి బ్రోచ్‌లు, అంటే బట్టలకు గుచ్చుకునే పిన్ను నగలు, చాలావాటి మీద ఆ ముద్రే ఉండదు. ముందు వెనక్కి తిప్పి చూడండి. మూసుకోని సి ఆకారపు కొక్కెం, దాన్ని దాటి కాస్త బయటికి పొడుచుకొచ్చిన పిన్ను పాతదనానికి మంచి గుర్తులు. తిప్పితే మూసుకునే సేఫ్టీ కొక్కెం 20వ శతాబ్దపు అలవాటు. అయితే పాత బ్రోచ్‌కే తర్వాత బిగించినదీ కావచ్చు. చుట్టూ బూడిదరంగు సీసపు టంకం కనిపిస్తే అదే సంగతి.

అసలు పరీక్ష రాళ్లలో ఉంది. అకీకు (అగేట్), జాస్పర్, బ్లడ్‌స్టోన్ వంటి రంగురాళ్లను పల్చటి బిళ్లలుగా కోసి, తరచుగా పలకరాతి మీద లక్కతో అతికించి, వెండి అంచుతో సమంగా సానపట్టేవారు. మంచి పనితనమైతే వేలితో నిమిరినా అతుకు తెలియదు. రాయి చల్లగా తగులుతుంది. లోపల గుండ్రటి బుడగలుంటే గాజు; రెండు బిళ్లల్లో చారలు అచ్చుగుద్దినట్టుంటే అనుమానించాల్సిందే.

రాళ్లన్నీ స్కాట్లాండ్‌వే అనుకోకండి. 1852లో స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ ఎస్టేట్ బ్రిటిష్ రాజకుటుంబం చేతికొచ్చాక ఈ బ్రోచ్‌లకు గిరాకీ పెరిగింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లోనూ తయారుచేశారు, జర్మనీలోని ఇడార్-ఓబర్‌స్టైన్‌లో కోసిన రాళ్లూ వాడారు. అంతమాత్రాన అవి నకిలీవి కావు.

శుభ్రం చేసేటప్పుడే ఎక్కువ పాడవుతాయి. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌లో (ఆల్కహాల్‌లో) కరుగుతుంది. కాబట్టి వేడినీళ్లు, అల్ట్రాసోనిక్ యంత్రం, నానబెట్టడం వద్దు. కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి.